‘రెడీ సార్’ అన్న అయిదు గొంతులు: తిరుపతి నేవల్ కేడెట్ల కేస్ స్టడీ

చెరువులో పడవ శిక్షణకి తీసుకెళ్లిన రోజు మా కేడెట్ల పడవ అదుపు తప్పింది. మొత్తం నష్టం ఒక కుర్రాడి చేతి గోరు. అంతకుమించి ఏమీ పోలేదు, ఆ గోరు కూడా కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. అయినా కేడెట్లతో ఇన్నాళ్లు తిరిగినందుకు నాకు ఎవరైనా గట్టిగా పాఠం చెప్పారంటే అది ఆ గోరే. అందుకే మొదటి నుంచి చివరిదాకా, నా తప్పులతో సహా రాసి పెడుతున్నాను.

నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. దాంతోపాటు ఎన్‌సీసీ నేవల్ వింగ్ జూనియర్ ట్రూప్‌కి ఏఎన్‌ఓని, ట్రూప్‌ని చూసుకునే అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ని. అంటే సోమవారం నుంచి శనివారం దాకా సుద్దముక్క, పరేడ్ రోజున తెల్ల యూనిఫాం, థర్డ్ ఆఫీసర్ అనే హోదా. బడి పేరు, యూనిట్ పేరు, పిల్లల పేర్లు రాయను. లీడర్‌గా పెట్టిన అబ్బాయిని పెద్దోడు అంటాను, ముందు తెడ్డు దగ్గర కూర్చున్న అమ్మాయిని చిన్నమ్మి అంటాను, గోరు పోయినవాణ్ణి బక్కోడు అంటాను. ఆ ముగ్గురూ చదివినా నవ్వుకుంటారే తప్ప ఏమీ అనుకోరు.

తిరుపతిలో నేవీ ఏంటి సార్ అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాత చిత్తూరు జిల్లాకి అంగుళం సముద్రం కూడా లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, శ్రీహరికోట, వాకాడు వైపంతా కలిసి తిరుపతి జిల్లాకి ఒక్కసారిగా సముద్రం వచ్చింది, పులికాట్ వచ్చింది, తూపిలిపాళెం బీచ్ వచ్చింది. కాగితం మీద వచ్చిన సముద్రం పిల్లల ఒంటికి ఎక్కదు కదా. మా పిల్లలు చూసిన నీళ్లంటే కొండమీద పుష్కరిణి, వానాకాలంలో నాలుగు రోజులు పారే స్వర్ణముఖి, కల్యాణి డ్యాం పిక్నిక్. ఎనిమిదో తరగతిలో ట్రూప్‌లో చేరే పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు ఒకళ్లో ఇద్దరో ఉంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి నన్ను నిలబెట్టి అడిగింది, ‘ఏం సార్, పిల్లోళ్లని నీళ్లల్లోకి తోలుకుపోతారంట గదా, మావోడు బకెట్ నీళ్లకే భయపడతాడు’ అని. లైఫ్ జాకెట్ తెప్పించి ఆమె చేతికిచ్చి, ఇది వేయకుండా ఏ పిల్లాడూ పడవ ఎక్కడమ్మా అని చెప్పాను. ఆ మాట ఈ రోజుకీ తప్పలేదు. తప్పింది వేరే చోట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ఎన్‌సీసీ 1948లో చట్టం చేసి పెట్టిన సంస్థ. అందులో నేవల్ వింగ్ పిల్లలకి డ్రిల్లుతోపాటు ముడులు, సెమాఫోర్ అంటే జెండాలతో సైగలు, ఓడ మోడళ్లు, పడవ లాగడం, తెరచాప నేర్పుతారు. పడవలో పిల్లల్ని ఎక్కించి మనుషుల్ని చేద్దామన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులో క్రిమియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన నావికులు 1850ల్లోనే ఊళ్లో పిల్లల్ని పోగేసి నేర్పడం మొదలుపెట్టారు, అదే తర్వాత సీ కేడెట్ కోర్ అయింది. వీటికంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఇంకొకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ముంచేసిన వర్తక నౌకల్లోంచి లైఫ్‌బోట్లెక్కిన వాళ్లలో, ఒంట్లో బలమున్న కుర్ర నావికుల కంటే ముసలి నావికులే బతికి బయటపడుతున్నారని బ్లూ ఫన్నెల్ ఓడల కంపెనీకి చెందిన లారెన్స్ హోల్ట్ గమనించాడు. కర్ట్ హాన్ అనే హెడ్మాస్టరుతో కలిసి 1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో బడి పెట్టించాడు. ఔట్‌వర్డ్ బౌండ్ అనేది అక్కడే పుట్టింది. కుర్రాళ్లకి తక్కువైంది కండ కాదు. గాలి మారినప్పుడు, పక్కవాడు కూలబడినప్పుడు, తనకి తెలియనిది ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది. అది క్లాసులో రాదు. ట్రూప్ మొదలుపెట్టిన కొత్తలో స్టాఫ్‌రూమ్‌లో ఈ కథ గొప్పగా చెప్పేవాణ్ణి. చెప్పినంత బాగా నాకే అర్థం కాలేదని తర్వాత తెలిసింది.

పెద్దోణ్ణి ఎందుకు పెట్టాను

ఎందుకంటే గొంతు. అంతే. గ్రౌండ్ ఈ మూల నుంచి ‘సావధాన్’ అంటే ఆ మూల చింతచెట్టు మీద కాకులు లేచేవి. ఎత్తుగా ఉంటాడు, బూట్లు మెరుస్తాయి, ఉజాలా పెట్టి ఉతికిన యూనిఫాం మీద మడత కత్తిలా నిలబడుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరుగారు ‘ఈ అబ్బాయి ఎవరు’ అని అడిగారు. ఆ ఒక్క మాటతో నేను పొంగిపోయాను. పెట్టీ ఆఫీసర్ కేడెట్ పట్టీ వాడికే అని మనసులో రాసేసుకున్నాను.

వాడు చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను, ఇది విలన్ కథ కాదు. వాళ్ల నాన్న తిరుమల ఘాట్‌లో జీపు తోలతాడు. ఇంట్లో మాట అంటే మాటే. వాడికి తెలిసిన పెద్దరికం అదే. దానికి తోడు వాడు నన్ను చూస్తున్నాడు. నేను పరేడ్‌లో ఎలా ఉండేవాణ్ణంటే, ‘ఏమైనా ప్రాబ్లమ్ ఉంటే చెప్పండి’ అని గట్టిగా అనేవాణ్ణి, మూడు సెకన్లు చూసేవాణ్ణి, ఎవరూ పలక్కపోతే ‘గుడ్’ అని ముందుకెళ్లేవాణ్ణి. పదమూడేళ్ల పిల్లాడు నలభై మంది ముందు, మూడు సెకన్లలో చెయ్యెత్తి ‘సార్, నా బూటు కరుస్తోంది’ అని ఎందుకు చెబుతాడు? చెప్పడు. ఎవరూ చెప్పలేదు కాబట్టి అంతా బాగుందని నేననుకునేవాణ్ణి.

చిన్నమ్మి సంగతి వేరు. వాళ్లమ్మ గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కడుతుంది. ముడుల క్లాసు మొదటి రోజున పీఐ స్టాఫ్, అంటే నేవీ నుంచి మాకు నేర్పడానికి వచ్చే ఇన్‌స్ట్రక్టర్, క్లోవ్ హిచ్ చూపిస్తుంటే మిగతా పిల్లలు తాడుతో కుస్తీ పడుతున్నారు, ఈ పిల్ల ఒక్కసారి చూసి వేసేసింది. ఎట్లా వచ్చిందమ్మా అంటే తల వంచుకుని చూపుడువేలు, బొటనవేలు మధ్య దారం మెలితిప్పినట్టు చేసి చూపించింది. మూర కట్టేటప్పుడు రెండు పూల కాడల మీద వేసే మెలిక, క్లోవ్ హిచ్‌కి అన్నదమ్ముల వరస. రోజుకి వంద మూరలు కట్టే ఇంట్లో పుట్టిన వేళ్లు అవి. మాట మాత్రం వినపడదు. హాజరు పిలిస్తే పెదవులు కదిలేవి, అంతే. లీడర్ లిస్టులో ఆ పిల్ల పేరు నాకు తట్టనే లేదు.

ఆ రోజు

మా పడవలు ఉండేది తిరుపతిలో కాదు, బస్సులో వెళ్లాలి. ఒక పెద్ద చెరువు, ఒకవైపు రాతి కట్ట. పడవ పేరు డీకే వేలర్. పొడవు 27 అడుగులు, తెడ్లు అయిదు. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. ముందు నుంచి లెక్కపెడితే బో, సెకండ్ బో, మిడ్‌షిప్, సెకండ్ స్ట్రోక్, స్ట్రోక్. వెనక టిల్లర్ పట్టుకుని కూర్చునేవాడు కాక్స్‌వైన్, నోట్లో కాక్సన్ అయిపోతుంది. ఈ పడవలో ఒక చిత్రం ఉంది, ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. తెడ్డు లాగే అయిదుగురూ పడవ పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ఎక్కడికి పోతున్నామో వాళ్లకి కనపడదు, కాక్సన్ మొహం కనపడుతుంది. దారి చూసేది కాక్సన్ ఒక్కడే. వాడికి మాత్రం తెడ్డు బరువు తెలియదు, చేతుల్లో బొబ్బలు తెలియవు. పైగా టిల్లర్ ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. కొత్తలో ప్రతి పిల్లాడూ తికమక పడతాడు, పడవ కూడా వాడితోపాటే తికమక పడుతుంది.

తెడ్డుని పడవ అంచు మీద పట్టి ఉంచే ఇనుప కొమ్ములాంటిది క్రచ్. అది అంచులో ఒక గుంటలో కూర్చుంటుంది. దాని కింద ఒక సన్న తాడు కడతారు. ఆ తాడుంటే క్రచ్ పైకి లేచి రాదు, వచ్చినా నీళ్లల్లో పడదు. ఆ రోజు సెకండ్ స్ట్రోక్ దగ్గర క్రచ్‌కి ఆ తాడు లేదు.

ఎవరెవరికి తెలుసో ఇప్పుడు చెబుతాను. ఈ కేస్ అంతా ఇక్కడే ఉంది.

బక్కోడికి తెలుసు, వాడు కూర్చున్నదే అక్కడ. తెడ్డు పెట్టగానే క్రచ్ కదులుతోందని చూశాడు. చిన్నమ్మికి తెలుసు, ముందుకెళ్లి కూర్చునేటప్పుడు దాటుకుంటూ పోయింది, తాడు లేని చోట ముడి వేసే చేతులు కదా, కన్ను అక్కడికే పోతుంది. కాక్సన్‌గా కూర్చున్న పెద్దోడికి తెలుసు, బక్కోడు గొణిగాడు, ‘ఇది ఊగతాంది’ అని, వీడు ‘సార్ చూస్తాండాడు, గమ్మున కూచో’ అన్నాడు. నాలుగోవాణ్ణి నేను. పొద్దున సామాను లెక్క చూసేటప్పుడు ఒక తాడు లేదని గమనించాను, మధ్యాహ్నం కట్టిద్దాం అనుకున్నాను, ఇడ్లీ పార్శిళ్లు వచ్చాయి, మర్చిపోయాను.

ఒడ్డు మీద నిలబడి నేనే అడిగాను, ‘రెడీయా?’ అయిదు గొంతులు, కాక్సన్‌ది ఆరో గొంతు, ఒకేసారి: ‘రెడీ సార్!’ నాకు భలే ముచ్చటేసింది.

బయల్దేరినప్పుడు గాలి లేదు. చెరువు నడిమికి పోయేసరికి కట్ట వైపు గాలి ఎత్తుకుంది. పెద్దోడు ‘పుల్, పుల్’ అని స్పీడు పెంచాడు, పడవ బాగా పోతోంది, ఒడ్డు నుంచి చూస్తే ఫొటో తీయాలనిపించేలా ఉంది. నేను ఫోన్ తీశాను కూడా. సరిగ్గా అప్పుడే బక్కోడి క్రచ్ పైకి లేచింది, తెడ్డు జారింది, వాడు వెనక్కి పడ్డాడు, తెడ్డు కాడకీ పడవ అంచుకీ మధ్య వేలు నలిగింది. ఎడమవైపున్న రెండు తెడ్లలో ఒకటి పోతే పడవ ఎట్లా తిరుగుతుందో ఫిజిక్స్ మాస్టారిని నేను చెప్పక్కర్లేదు. అడ్డంగా తిరిగి, గాలికి పక్క చూపించి, రాతి కట్ట వైపు కొట్టుకుపోవడం మొదలైంది. పెద్దోడికి బక్కోడు కనపడుతున్నాడు, రక్తం కనపడుతోంది, అయినా నోట్లోంచి వచ్చే మాట ‘పుల్, పుల్’. టెన్షన్‌లో మనిషికి తెలిసిన ఒక్క మాటే పదేపదే వస్తుంది. నలుగురు లాగుతూనే ఉన్నారు, లాగేకొద్దీ పడవ ఇంకా తిరుగుతోంది.

పక్కనే సేఫ్టీ బోట్‌లో ఉన్న స్టాఫ్ ‘ఓర్స్!’ అని అరిచాడు. తెడ్లు ఆపమని. ఆపారు. తాడు విసిరి, లాక్కొచ్చారు. కట్టకి ఇంకో పది గజాలు ఉందేమో. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. నా ఫోన్‌లో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, అందులో అందరూ అందంగా తెడ్లు వేస్తుంటారు.

రిపోర్టు

ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాం, ఎముకకి ఏమీ కాలేదు. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రం కూర్చుని రిపోర్టు రాశాను. ‘కేడెట్ తెడ్డు సరిగా పట్టుకోనందున వేలికి స్వల్ప గాయమైంది.’ చక్కటి వాక్యం. ఎవరికీ నొప్పి లేదు, బక్కోడికి తప్ప. పెద్దోణ్ణి కూడా రాయమన్నాను. వాడు రాసి తెచ్చాడు, ‘ఎవరి తప్పూ లేదు సార్, గాలి వల్ల జరిగింది.’

స్టాఫ్ మధ్యవయసు మనిషి, ఓడల మీద చాలా ఏళ్లు పనిచేసినవాడు, ఎక్కువ మాట్లాడడు. నా కాగితం చదివాడు, వాడి కాగితం చదివాడు, రెండూ పక్కపక్కన పెట్టి, ‘సాబ్, రెండు చేతిరాతలు వేరేగానీ రాసినవాడు ఒకడే’ అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ప్రతి వారం పిల్లలతో చెప్పించే నాలుగు సూత్రాల్లో ఆఖరిది, సాకులు చెప్పొద్దు, అబద్ధాలాడొద్దు అన్నదే. అది కంఠతా పట్టించిన మాస్టారు మొదటి కష్టం రాగానే సాకు రాశాడు. ఆ కాగితం చింపేశాను. తాడు లేదని నాకు పొద్దునే తెలుసని కొత్త కాగితంలో మొదటి లైన్‌గా రాశాను. పైనుంచి అక్షింతలు పడ్డాయి, పడాల్సినవే. యూనిట్ వాళ్లు సరిగానే స్పందించారు.

మర్నాడు స్కూల్లో పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ముందు నా సంగతి చెప్పాను. తాడు చూశాను, ఇడ్లీ తిన్నాను, మర్చిపోయాను అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు చిన్నమ్మి చెప్పింది. అందరూ నావైపే చూస్తున్నారు కాబట్టి ధైర్యం వచ్చిందో ఏమో. ‘నేనూ చూసినా సార్. చెప్తే పెద్దోడు తిడతాడని గమ్మునుండిపోయినా.’ ఆ తర్వాత బక్కోడు, కట్టు కట్టిన వేలు పైకెత్తి, ‘నేను చెప్పినా సార్, నెమ్మదిగా చెప్పినా’ అన్నాడు. అందరూ నవ్వారు, పెద్దోడు తప్ప. వాడు ఏడ్చాడు. ఏడుస్తూనే ఒక మాటన్నాడు, దాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను: ‘మీరు రెడీయా అంటే, లేదు అని ఎట్లా అంటారు సార్?’

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు దాటగానే హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ కొన్ని నిమిషాల్లో పక్కకి ఒరిగిపోయింది, 193 మంది పోయారు. ఓడ ముందువైపు, వాహనాలు లోపలికెక్కే తలుపులు తెరిచే ఉన్నాయి. మూయాల్సిన మనిషి తన గదిలో నిద్రపోతున్నాడు. బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపించే పైగదిలో, ఉన్న కెప్టెన్‌కి ఆ తలుపులు కనపడవు, మూశామని వచ్చి చెప్పే పద్ధతీ లేదు. ఏదైనా తేడా ఉంటే చెబుతారు, చెప్పలేదంటే అంతా బాగున్నట్టే, ఇదీ అక్కడి లెక్క. తర్వాత అలాంటి ఓడల్లో తలుపు మూసిందో లేదో బ్రిడ్జిలో దీపం వెలిగి చూపించాలని నిబంధన తెచ్చారు. ఈ కథ నాకు ముందే తెలుసు, క్లాసులో కూడా చెప్పాను. అది నా ‘గుడ్’ గురించేనని నాకు తట్టలేదు, అంతే తేడా.

ఏం మార్చాం

ఒకటి, ‘రెడీయా’ అనే ప్రశ్న తీసేశాం. బో నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ తమ క్రచ్ మీద చెయ్యి పెట్టి, తాడు లాగి చూసి, జాకెట్ బకిల్ తాకి, అప్పుడు తన చోటు పేరు చెప్పి రెడీ అనాలి. కాక్సన్ ప్రతి ఒక్కరి మొహం చూసి అవునని తలూపాలి. అందరూ కలిసి అరవడం బంద్. ముచ్చటగా ఉండదు, టైం పడుతుంది, ఇన్‌స్పెక్షన్‌కి పనికిరాదు.

రెండోది ‘ఆపు’. పడవలో ఉన్న ఎవరైనా, నిన్న చేరిన ఎనిమిదో తరగతి పిల్లాడైనా, ఆపు అంటే తెడ్లు ఆగాలి. దీని మీద స్టాఫ్‌కీ నాకూ పెద్ద వాదన నడిచింది. ఆయన మాట, ‘ఆర్డర్ అంటే ఆర్డర్ సాబ్, అలల్లో చర్చలు పెడితే మునిగిపోతాం.’ నిజమే కదా. ఎన్‌సీసీ మొదటి సూత్రమే నవ్వుతూ ఆజ్ఞ పాటించమని. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. ఆపు అన్నవాడు ఒక్క వాక్యంలో ఏం చూశాడో చెప్పాలి, ఏం చేయాలో చెప్పకూడదు. ఏం చేయాలన్నది కాక్సన్ ఇష్టం. కాక్సన్ చెప్పాక మళ్లీ మాట్లాడకుండా చేయాలి. ఇందులో కొత్తగా మేం కనిపెట్టిందేమీ లేదు, వర్తక నౌకల ఆఫీసర్లకి బ్రిడ్జి మీద పనిచేసే పద్ధతి నేర్పే కోర్సుల్లో, తేడా కనిపిస్తే కిందివాడు పైవాడికి చెప్పి తీరాలనే నేర్పుతారు. 2010లో మనీలాలో ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందాన్ని, అంటే ఓడ సిబ్బంది శిక్షణకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని, సవరించినప్పుడు దాన్ని తప్పనిసరి చేశారు. మేం దాన్ని పదమూడేళ్ల పిల్లల సైజుకి కుట్టించుకున్నాం.

మొదటి నెల నవ్వులాట. దోమ కుట్టింది ఆపు. బాత్రూం ఆపు. నీరుకట్టె పాము ఆపు, అది మాత్రం నేనూ ఒప్పుకున్నాను. ఒక రోజు చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయేలోపు పదకొండు సార్లు ఆగాం. స్టాఫ్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. కానీ ఎవరినీ తిట్టొద్దని ముందే అనుకున్నాం, ఒకసారి తిడితే మళ్లీ మూగనోమే. రెండో నెలకి వాటంతటవే తగ్గాయి.

మూడోది, కాక్సన్ కుర్చీ ఎవరికీ సొంతం కాదు. పది నిమిషాలకి ఒకరు మారాలి. టిల్లర్ పట్టినవాడు దిగి తెడ్డు పట్టాలి. పెద్దోణ్ణి బో దగ్గర కూర్చోబెట్టాను. పట్టీ తీయలేదు, కానీ వాడికి తీసేసినట్టే అనిపించింది. రెండు వారాలు పరేడ్‌కి రాలేదు.

మూడో వారం వాళ్ల నాన్న వచ్చాడు, వాణ్ణి వెంటబెట్టుకుని. గొడవకే వచ్చాడనుకున్నాను. ‘మావోణ్ణి కిందకి దించేసినారంట’ అన్నాడు. జరిగిందంతా చెప్పాను, నా ఇడ్లీతో సహా. ఆయన విని కాసేపు ఊరకున్నాడు. తర్వాత కొడుకుతో కాదు, నాతోనే అన్నట్టు చెప్పాడు. ‘సార్, ఘాట్‌లో దిగేటప్పుడు వెనక సీట్లో కూచున్న ముసలామె, ఏందో కాలిన వాసనొస్తాంది నాయనా అంటే, నేను బండి పక్కకి తీసి బ్రేకులు చూస్తా. ఆమెకి డ్రైవింగ్ వచ్చునా? ముక్కు ఉండాది గదా. ఇరవై ఏళ్లలో సగం సార్లు అది ముందు పోయే లారీ వాసన. అయినా దిగి చూస్తా.’ వాడు నేల చూస్తూ విన్నాడు. నేను రెండు వారాలుగా చెప్పాలనుకున్నది ఆయన ఒక్క ముసలామెతో చెప్పేశాడు. మరుసటి పరేడ్‌కి వాడు వచ్చాడు, బో దగ్గరే కూర్చున్నాడు, చేతుల్లో బొబ్బలు లేచాయి. తెడ్డు పట్టుకుని వీపు తిప్పి కూర్చుంటే వెనకాల ఏం జరుగుతోందో తెలియదని, కాక్సన్ మొహం చూసి బతకాలని, ఆ మొహంలో చిరాకు ఉంటే నోట మాట రాదని వాడే ఒకసారి బస్సులో అన్నాడు.

ఏం వచ్చింది, ఏం రాలేదు

గొప్పలు చెప్పను. ఇది ఒక్క ట్రూప్, ఒక్క పడవ. పిల్లలు ఆ వయసులో ఎటూ ఎదుగుతారు, ఎంత ఎదుగుదల పడవ వల్ల, ఎంత మీసాల వల్ల అనేది విడదీసి చెప్పలేను.

చూసినవి మాత్రం చెబుతాను. ఆ ఏడాది పది రోజుల క్యాంప్‌లో పెద్దోడు గార్డ్ డ్యూటీలో ఒక టార్చ్ పోగొట్టాడు. పొద్దున లెక్క తీయకముందే వెళ్లి ‘టార్చ్ నా వల్ల పోయింది’ అని చెప్పి శిక్షగా గ్రౌండ్ చుట్టూ పరుగెత్తాడు. టార్చ్ పాతది, చెప్పకపోయినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. నాకు క్యాంప్‌లో ఉన్న ఆఫీసరు చెబితేనే తెలిసింది, వాడు చెప్పలేదు. వాడు నేవీకి వెళ్లలేదు, ఇంటర్‌లో ఎంపీసీ చదువుతున్నాడు, మర్చంట్ నేవీ అంటున్నాడు. ఈ లోపు ఒక ఏజెంటు వాళ్ల ఇంటికొచ్చి, మూడు లక్షలిస్తే డెక్ కేడెట్‌గా నేరుగా ఓడ ఎక్కిస్తానన్నాడట. వాడే అడిగాడట, మీ ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ నంబర్ ఎంత అని. ఓడల ఉద్యోగాల్లోకి మనుషుల్ని పంపే ఏ కంపెనీకైనా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆ లైసెన్స్ ఉండాలి, అది వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఏజెంటు కాఫీ తాగి వెళ్లిపోయాడట. వాళ్ల నాన్న ఇది చెప్పి చాలాసేపు నవ్వాడు.

తల్లిదండ్రులకి ఇంకో మాట, సందర్భం వచ్చింది కాబట్టి. ఎన్‌సీసీలో చేరితే నేవీ ఉద్యోగం ఖాయం అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. స్కూల్లో వచ్చేది ‘ఏ’ సర్టిఫికెట్. డిగ్రీలో ‘సీ’ దాకా వెళ్తే దారులున్నాయి, సీడీఎస్, అంటే సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్‌సీ పెట్టే పరీక్ష, దాని నోటిఫికేషన్‌లో నేవల్ అకాడమీకి నేవల్ వింగ్ ‘సీ’ సర్టిఫికెట్ వాళ్లకంటూ విడిగా చూపించే సీట్లు దేశం మొత్తానికి ఆరు. ఆరు. అందుకోసమే పిల్లల్ని పంపేటట్టయితే ట్యూషన్‌కి పంపండి.

చిన్నమ్మి డిగ్రీ కాలేజీలో సీనియర్ వింగ్‌లో చేరింది. ఇప్పటికీ గొంతు పెగలదు, ఉపన్యాసం ఇవ్వమంటే చెమటలు పడతాయి. కానీ మా దగ్గర ఉన్నప్పుడు కాక్సన్ కుర్చీలో ఆ పిల్ల ఉన్న పది నిమిషాలూ పడవలో ఒక తేడా ఉండేది. పిల్లలు చెప్పేవాళ్లు. బొబ్బ చిట్లిందని, భయంగా ఉందని, తాడు వదులైందని. అరవదు కాబట్టి, అందరూ చెవి పెట్టి వినాలి, వింటున్నప్పుడు మాట్లాడటం కూడా తేలికవుతుందనుకుంటాను. పెద్దోడి పడవ వేగంగా పోయేది, ఆ పిల్ల పడవలో ఏం జరుగుతోందో ఆ పిల్లకి తెలిసేది. పోటీకి ఎవరిని పెడతావంటే ఇప్పటికీ ఆలోచిస్తాను, అబద్ధమెందుకు.

నష్టం కూడా వచ్చింది. లెక్కల మాస్టారు బోర్డు మీద మైనస్ మర్చిపోతే మా ట్రూప్ పిల్లాడొకడు ‘ఆపండి సార్’ అన్నాడు. స్టాఫ్‌రూమ్‌లో నాకు క్లాసు పడింది, మీ కేడెట్లకి నోరెక్కువైందని. పిల్లాడు నియమం ప్రకారం ఒక్క వాక్యంలోనే చెప్పాడని నేను వెనకేసుకొస్తే ఇంకా మండింది. ట్రూప్‌లోంచి ఇద్దరు మానేశారు, వాళ్లకి అరుపులు, కవాతు, గట్టి డ్రిల్లు కావాలి, ఈ చెయ్యి పెట్టి తాడు లాగి చూడటం బోర్ అన్నారు. వాళ్లని నేను తప్పుపట్టను.

అసలు ఇబ్బంది మాత్రం ఈ మధ్యే తెలిసింది. కొత్త బ్యాచ్ పిల్లలు బో నుంచి స్ట్రోక్ దాకా చక్కగా చెయ్యి పెడుతున్నారు, బకిల్ తాకుతున్నారు, ఒక్కొక్కరూ రెడీ అంటున్నారు. నాకెందుకో ఆ రాగం ఎక్కడో విన్నట్టనిపించింది. పడవ ఇంకా ఒడ్డు మీదే ఉండగా, స్టాఫ్‌కి ఒక్కడికే చెప్పి, రెండు క్రచ్‌ల తాళ్లు విప్పి జేబులో వేసుకున్నాను. రెండూ దాటిపోయాయి. ఒకడైతే లేని తాడుని లాగి చూసినట్టు చెయ్యి కూడా ఆడించాడు.

అందుకని ఇప్పుడు ప్రతిసారీ పడవ నీళ్లలోకి దిగే ముందు నేను ఏదో ఒకటి తీసి దాస్తున్నాను. ఒక తాడు, ఒక బకిల్, ఒకసారి ఏకంగా ఒక తెడ్డు. అది దొరికేదాకా పడవ కదలదు. పిల్లలకి ఇది ఆట అయిపోయింది, నా జేబులు తడిమి చూస్తున్నారు. వచ్చే ఆదివారానికి ఏం దాచాలో ఇంకా తట్టలేదు.